జీలుగు బెండు

నా చిన్నప్పుడు, వర్ధన్నపేట దగ్గరి మా ఊళ్లో, వానలు వెనకపట్టాక చెరువు అంచున జీలుగు పూసేది. నీళ్లలో నిలబడ్డ పొదల నిండా చిన్న చిన్న పసుపు పూలు. ఆ పూలతో ఎవరికీ పనిలేదు. మా పక్కింటి పెద్దమ్మ మాత్రం మోకాలిలోతు నీళ్లలోకి దిగి లావాటి కాడలు కోసుకొచ్చి నీడన ఆరబెట్టేది. తోలు తీస్తే లోపల తెల్లటి బెండు. దాన్ని పల్చగా చెక్కి పెళ్లిళ్లకు బాసింగాలు కట్టేది. చుట్టుపక్కల ఏ పెళ్లికూతురి నుదుట చూసినా ఆమె చేతి పనే.

ఆ బెండు నీళ్లలో మునగదు. మగపిల్లలు దాన్ని వీపుకు కట్టుకుని బావిలో ఈత నేర్చుకునేవారు. ఒక ఎండాకాలం నాకూ ఈత మీద మనసు పడింది. నాకప్పుడు పదేళ్లు. పెద్దమ్మ అన్నం తింటున్న వేళ ఆమె అరుగు మీది కట్ట ఎత్తుకుపోయాను. మర్నాటి పెళ్లికి తోలు తీసి, ఏరి పెట్టిన బెండు అదేనని నాకు తెలుసు. తడిస్తే ఆరుతుందిలే అనుకున్నాను.

బావిలో పాచినీళ్లు పీల్చి బెండంతా పచ్చబారింది. చాటుగా తెచ్చి పెట్టబోతే పెద్దమ్మ గడపలోనే ఉంది. కట్టను చూసింది, నా తడి జడను చూసింది. నా చేతిలోంచి కట్ట అందుకుంది.

సాయంత్రం పెళ్లికూతురి మేనమామ బాసింగాల కోసం వచ్చాడు. తన చెయ్యి తగిలి బెండు మీద కుడితి ఒలికిందని పెద్దమ్మ చెప్పింది.

"ఇన్నేండ్ల సంది కడుతున్నవ్, గింత సోయి లేకపాయెనా అక్కా? పొద్దున లగ్గం పెట్టుకొని గిప్పుడు చెప్తవా?"

ఆమె తల వంచుకుంది. నేను పక్కనే గుంజకు ఆనుకుని నిలబడ్డాను. నోరు తెరవలేదు. అతను ఆ పూటే బస్సెక్కి వరంగల్ పోయి కాగితపు బాసింగాలు తెచ్చాడు. ఆ తర్వాతి పెళ్లిళ్లకు ఊళ్లో చాలామంది అవే తెచ్చుకున్నారు.

అతను వెళ్లాక పెద్దమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"ఈత అచ్చిందా బిడ్డా?"

రాలేదన్నట్టు తల ఊపాను.

"మరి రేపు పొయ్యి నేర్సుకో. ఇగ ఇది దేనికి పనికస్తది?"

ఆ కట్టను నా వీపుకు ఆనించి, తాడు కొలత చూసి తనే ముడి వేసింది. రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

ఈత వచ్చింది. ఆ తప్పు నాదని మాత్రం పెద్దమ్మ పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ ఎక్కడైనా ఒకరు తల వంచుకుని మాటలు పడుతుంటే, నా చూపు వాళ్ల మీద నిలవదు. పక్కన మౌనంగా నిలబడ్డది ఎవరా అని వెతుకుతుంది.