ఇద్దరు సైదులు, ఒకే జనవరి ఒకటి

2023 వానాకాలం. మిర్యాలగూడలో ఇద్దరు డాక్టర్లు నడిపే ఒక చిన్న దవాఖానలో నేను కాంపౌండరుని. అంతకుముందు కోదాడలో మందుల షాపులో పనిచేశాను. కాలేజీ చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. మిగిలిందంతా గ్రంథాలయంలో చదువుకున్నదే. ఆదివారం పూట మా ఊరి గ్రంథాలయంలో ఫ్యాను కింద మూడో కుర్చీలో ఎవరైనా కొత్తవాళ్లు కూర్చుంటే, పాతవాళ్లు వాళ్లను లేపి నాకు చోటిస్తారు. ఈ మాట కాస్త గర్వంగానే రాస్తున్నాను.

ఆ ఏడాది మా డాక్టరమ్మకు దవాఖానకు నాణ్యత గుర్తింపు తెప్పించాలని పట్టుదల వచ్చింది. దానికి ముందు అసెస్‌మెంట్ ఉంటుంది. అంటే బయటి నుంచి ఒకరు వచ్చి, రోగి లోపలికి వచ్చిన దగ్గర నుంచి బయటికి వెళ్లేదాకా ఎక్కడెక్కడ పొరపాటుకు వీలుందో, దాన్ని ఆపడానికి మేమేం చేస్తున్నామో చూస్తారు.

"యాదగిరీ, పుస్తకాలు చదివేటోడివి నువ్వే గద. ఆ గుర్తింపు ఫైలు సంగతి నువ్వే చూడు" అన్నారు డాక్టరమ్మ.

నాలుగు ఆదివారాలు కూర్చున్నాను. గ్రంథాలయంలో రోగుల భద్రత మీద ఇంగ్లిషులో ఒక లావుపాటి పుస్తకం దొరికింది. పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. అందులో నన్ను కట్టిపడేసిన మాట 'టూ ఐడెంటిఫయర్స్'. సూది వేసేముందు రోగి ఎవరన్నది రెండు గుర్తులతో సరిచూసుకోవాలి. పేరు ఒకటి, పుట్టిన తేదీ ఒకటి. రెండూ కలిస్తేనే సూది. ఇంత పెద్ద విషయం ఇంత చిన్నగా చెప్పారే అని సంబరపడి, పుస్తకం మూసేసి టీకి వెళ్లాను.

మరునాడు మా నర్సు మరియమ్మకు ఈ పద్ధతి వివరించాను. మరియమ్మది చివ్వెంల. నాకంటే ముందు నుంచి ఈ దవాఖానలోనే ఉంది. విని నవ్వింది.

"అన్నా, గీడ సైదులూ అని పిలిస్తే సగం బెంచీ లేస్తది."

ఆమె అన్నది నిజమే. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పుట్టిన పిల్లలకు సైదులు అని పేరు పెట్టుకోవడం మా వైపు అన్ని కులాల్లోనూ ఉంది. ప్రతి వీధికీ ఒకరిద్దరుంటారు.

"అందుకే గదా రెండో గుర్తు! పేరు కలిసినా తేదీ కలవదు" అన్నాను.

"సరే తియ్, సదివినోడివి" అంది మరియమ్మ.

అసెస్‌మెంట్ రోజు రానే వచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చిన మేడమ్ హాల్లో నా బల్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బయట వాన, లోపల జ్వరాలు, దగ్గులు, తడిసిన గొడుగులు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎదుట ప్యాడ్ పెట్టుకున్నాను. ప్రతి కేస్ షీటు మీదా పేరు, ఆధార్‌లో ఉన్న పుట్టిన తేదీ ఎర్ర సిరాతో నేనే రాశాను.

డాక్టరమ్మ చూసి సూది రాసిన మొదటి షీటు తీసి, "సైదులు!" అని పిలిచాను.

డెబ్బై దాటినట్టున్న ఒక పెద్దాయన చటుక్కున లేచి వచ్చాడు. మేడమ్ చూస్తున్నారు. నేను షీటు మీద నుంచి కళ్లెత్తకుండా, గొంతు సవరించుకుని అడిగాను.

"పేరు సైదులేనా?"

"ఆ."

"పుట్టిన తేదీ జనవరి ఒకటి, పంతొమ్మిది వందల అరవైయేనా?"

"ఆ, గదే గదే."

రెండు టిక్కులు పెట్టాను. మేడమ్ తల ఊపారు. ఆ ఊపు చూసి నాకు ఫ్యాను కింద కూర్చున్నంత హాయి అనిపించింది. పెద్దాయనను ఇంజక్షన్ గదిలోకి పంపాను. మేడమ్ కూడా వెనకే వెళ్లారు. నేనూ వెళ్లాను.

మరియమ్మ షీటు చూసింది. కుడి పాదం మీద పుండు, చీము, యాంటీబయాటిక్ సూది. మందు సిరంజిలోకి తీసింది. ముందు చర్మం కింద ఒక చుక్క వేసి, పడుతుందో లేదో చూడటం మా అలవాటు. దాన్నే టెస్ట్ డోస్ అంటాం. ఆ చుక్క వేసేముందు మరియమ్మ పెద్దాయన కాళ్ల వైపు చూసింది.

"తాతా, నీ కట్టేది?"

"ఏం కట్టు బిడ్డా?"

"కాలికి పుండయిందట గద. ఏదీ, కాలు సూపియ్."

పెద్దాయన పంచె పైకి లాగి మోకాలు చూపించాడు. "పుండేందమ్మా? మోకాలు నొస్తుంది. దామరచర్ల కాడి నుంచి బస్సుల నిలబడే వచ్చిన."

పాదాలు రెండూ వానకు కడిగినట్టు శుభ్రంగా ఉన్నాయి. మరియమ్మ సిరంజి ట్రేలో పెట్టేసింది.

"ఎప్పుడన్నా సూది పడక పరేషాన్ అయినవా తాతా?"

"అయిన. పోయినసారి మీకాన్నే రాసి పెట్టిన్రు గద! నిరుడు సూర్యాపేటల ఏస్తే ఒళ్లంత దద్దులొచ్చి, మూతి వాచి, ఊపిరాడక సచ్చి బతికిన."

హాల్లో నా బల్ల దగ్గరికి పరుగెత్తాను. కట్టలో కింద ఇంకో షీటు ఉంది. సైదులు, జనవరి ఒకటి, 1960. మూలన ఎర్ర స్టిక్కర్, పక్కన అలర్జీ అని మందు పేరుతో సహా డాక్టరమ్మ చేతిరాత. అదే మందు. అలాంటి మనిషికి టెస్ట్ డోస్ చుక్క కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఆ షీటు పట్టుకుని ఇంజక్షన్ గదిలోకి తిరిగొచ్చాను.

"పెద్దాయనా, మరి నేనడిగితే అవునన్నవ్ కదా?" అన్నాను, ఏడుపు ఒక్కటే తక్కువ.

"నువ్వడిగిన దాంట్లే తప్పేమున్నది? నేను సైదులునే. తేదీ నాదే. కాదంటే నంబరు పోతది, బస్సు పోతది."

ఇంతలో కుడి పాదానికి గుడ్డ చుట్టుకున్న ఒకాయన కుంటుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చాడు. రైస్ మిల్లులో వాచ్‌మన్. చూస్తే యాభై కూడా ఉండవు.

"ఏందన్నా, నన్ను పిలువనే పిలువవ్?"

"పిలిచిన కదయ్యా! నువ్వేడున్నవ్?"

"గాడనే ఉన్న. నువ్వు సైదులన్నవ్, ఈ ముసలాయన లేసిండు. నా తేదీ సదివినవ్, ఈయన అవునన్నడు. నా గురించి ఈయనకేం తెలుసబ్బా అని సూస్తున్న."

"నీది కూడా జనవరి ఒకటేనా?"

"ఆధార్ పిల్లగాడు ఎప్పుడు పుట్టినవంటే నాకు తెల్వదన్న. మా వాడకంత ఒకటే తేదీ కొట్టిండు. నేను, నా పెండ్లాం, మా బావ, అందరం ఒక్కరోజే పుట్టినం."

మేడమ్ పెన్ను మూసి హాల్లోకి వెళ్లారు. "ఇక్కడ జనవరి ఒకటిన పుట్టినవాళ్లు చేతులెత్తండి" అన్నారు. బెంచీల మీద చేతులు మొలకల్లా లేచాయి. ఒకావిడ రెండు చేతులూ ఎత్తింది. రెండోది ఎవరిదని మేడమ్ అడిగితే, "మా ఆయనది మేడమ్, చాయ్ తాగ పోయిండు" అంది.

మేడమ్ ఎత్తిన చేతులు లెక్కపెట్టి, మెల్లగా, "మా నాన్నగారిది కూడా అదే తేదీ" అన్నారు.

ఆ రోజు నివేదికలో నా పద్ధతిలో లోపముందని రాశారు. మరియమ్మ గురించి నాలుగు మంచి మాటలు రాశారు. గుర్తింపు మళ్లీ వచ్చి చూశాకే అన్నారు. డాక్టరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. పెద్దాయన మోకాలు చూసి మాత్రలు రాసిచ్చి, బస్సు దాకా నన్ను తోడు పంపారు. దారంతా గొడుగు ఆయన మీదే పట్టాను. నేను తడుస్తుంటే, "నువ్వు మంచోడివే బిడ్డా, గని శానా సదువుతవ్" అన్నాడు.

ఆ ఆదివారం గ్రంథాలయానికి వెళ్లి అదే పుస్తకం తీశాను. నేను మూసేసి టీకి వెళ్లిన పేజీ తిప్పాను. తరువాతి పేజీలో మొదటి వాక్యమే నా ముఖాన కొట్టింది. గుర్తులు మనం చదివి వినిపించి అవుననిపించుకోకూడదట. రోగి చేతే చెప్పించాలట. ఒక్క పేజీ. ఆ టీ ఇంకో పది నిమిషాలు ఆగి తాగుంటే సరిపోయేది.

ఆ పేజీని తెలుగు చేసి, పెద్ద అక్షరాలతో రాసి ఇంజక్షన్ గదిలో అంటించాను. మరియమ్మ నిలబడి మొత్తం చదివింది.

"ఇది నేను రోజూ అడిగేదే గదన్నా. ఎవలింటోడివి, ఏ ఊరు, ఏం నొస్తుంది, సూది పడ్తదా. దీనికి పుస్తకం కూడా ఉన్నదా?"

"ఉన్నది."

"మరి రాసినాయన మంచోడే" అంది.

నెల తర్వాత మేడమ్ మళ్లీ వచ్చారు. ఆ రోజు కట్టు మార్పించుకోవడానికి వాచ్‌మన్ సైదులు వచ్చాడు. "పేరు చెప్పు" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది.

"ఏందన్నా, నెల సంది నా కాలు కడుగుతున్నవ్. నా పేరు మరిచినవా?"

"మరువలే. నువ్వే చెప్పాలె."

"సైదులు. మా నాయిన లింగయ్య. జనవరి ఒకటి..." అని ఆగి, మేడమ్ వైపు చూసి, "గది వద్దు తీయుండ్రి" అంటూ కుడి కాలెత్తి తిన్నగా నా ఫైలు మీద పెట్టాడు.

గుర్తింపు వచ్చింది. ఆ ఫైలు మీద అయోడిన్ మరక ఇప్పటికీ ఉంది. తుడవలేదు. ఇప్పుడు ఎవరు లోపలికి వచ్చినా ముందు మనిషిని చూస్తాను, ఆ తర్వాతే కాగితం చూస్తాను.