ఇద్దరికీ ఒకటే దండ

ఆ రోజుల్లో మస్కట్‌లో పూలదండ కావాలంటే ఊరి నుంచి ఎవరైనా విమానంలో తేవాల్సిందే. వచ్చేసరికి అది పొట్లంలో వడిలిన ఆకుకూరలా ఉండేది. అందుకే నేను కాపురానికి వస్తున్నప్పుడు మా అమ్మ పెట్టెలో పెట్టిన గంధపు దండనే దార్సైట్ ఏరియాలోని మా ఫ్లాట్‌లో ప్రతి వేడుకకీ వాడేవాళ్ళం. (ఒకసారి కొత్త ఫ్రిజ్‌కి కూడా వేశాం.) నా పరువు తీసిందీ, ఒక మంచి పనిని గట్టెక్కించిందీ ఆ దండే.

మా పక్క ఫ్లాట్‌లో గోదావరి వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలుండేవారు. టీచరమ్మ పగలంతా బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం ఇంట్లో మా కరీంనగర్ వైపు కూలీలకు అక్షరాలు దిద్దించేవారు. ఆయన అదే కూలీలకు ఎండిపోయిన వాగులో వాలీబాల్ నేర్పేవారు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుండేది గనుక అందరికీ ఆయన ఈల సారు. డ్యూటీ దిగి ఒళ్ళు హూనమైన మనిషి కూడా ఆ ఈల వింటే లేచి పరిగెత్తేవాడు. నాకు నా పేరు రాయడం నేర్పింది టీచరమ్మే. (అది నాకు వచ్చేలోపల ఎదురు సైట్‌లో ఒక బిల్డింగ్ లేచింది.)

వాళ్ళు ఇక ఊరికి వెళ్ళిపోతున్నారని తెలిసి, రూముల్లో ఉండే ఆ కూలీలంతా కలిసి ఒక మాట అనుకున్నారు. వాళ్ళిద్దరూ చదివిన కాలేజీలో ఏటా ఒక పేద పిల్లకో పిల్లాడికో ఫీజు కట్టేలా, ఇద్దరి పేరుతో స్కాలర్‌షిప్ పెట్టాలని. సారు ఒప్పుకోలేదు. "బతికున్నోళ్ళ పేరు మీద స్కాలర్‌షిప్పేంటయ్యా, ఎబ్బెట్టుగా లేదూ! మేం పోయాక పెట్టుకోండి" అని ఈల ఊదేశారు. ఆయన ఈల ఊదారంటే ఆట ఆగిపోయినట్టే. అయినా సైట్‌లో పెద్ద మేస్త్రి ఊరుకోలేదు. "శుక్రారం మీ ఇంటికి పిల్వున్రి. ఆఖరుసారి బతిలాడుదం. సారు సరే అంటేనే కాలేజోళ్ళు పేరు పెడ్తరట. తెల్లారితే వాళ్ళ ప్రయాణం" అన్నాడు మా ఆయనతో.

సన్మానం ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. దండ ఒకటి, మనుషులు ఇద్దరు. సారుకు వేస్తే టీచరమ్మ చిన్నబోతారు, టీచరమ్మకు వేస్తే సారు. ఆలోచించి ఆలోచించి, గుర్తుగా ఉంచుకోమని వాళ్ళు మాకిచ్చిన జంట ఫొటోని కుర్చీలో నిలబెట్టి దానికి వేసేశాను. ఇద్దరికీ సమానం! కింది ఫ్లాట్ నుంచి చేపల వేపుడు వాసన వస్తోందని రెండు అగరొత్తులు కూడా వెలిగించి, నా తెలివికి నేనే మురిసిపోతూ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను.

ముందుగా వచ్చింది మేస్త్రి. ఫొటో చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు. "అయ్యో సారూ! టీచరమ్మా! ఇద్దరికిద్దరు ఖలాసా! నిన్ననే గద నాకు సర్వీస్ కొట్టుడు నేర్పింది!" వెనకాల వచ్చినవాళ్ళు ఒకరిని చూసి ఒకరు అందుకున్నారు. ఏం జరిగిందో తెలియకపోయినా, అంతమంది మగవాళ్ళు ఏడుస్తుంటే వంటింట్లోంచి వచ్చిన నాకూ ఏడుపు ఆగలేదు. గరిటె చేత్తో పట్టుకునే ఏడ్చాను.

అప్పుడు బయటి నుంచి టీచరమ్మతో కలిసి మెట్లెక్కి వచ్చారు ఈల సారు. టోపీ తీసి, మేస్త్రి భుజమ్మీద చెయ్యి వేసి, మెల్లగా అడిగారు. "ఎవరయ్యా పోయింది?"

"మీరే సారూ!" అన్నాడు మేస్త్రి తలెత్తకుండా.

పక్కనే టీచరమ్మ కళ్ళు మూసుకుని అప్పటికే ప్రార్థన మొదలుపెట్టేశారు. ఒక కన్ను తెరిచి, "ఏవండీ, అది మనమేనండీ" అన్నారు.

"గిదేందే?" అన్నారు మా ఆయన నా వైపు తిరిగి. "దండ ఒక్కటే ఉన్నది గద..." అని నేను నా లెక్క చెబుతుంటే టీచరమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ కుర్చీ పట్టుకున్నారు. మేస్త్రి కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. "సారూ, పోయినంక పెట్టుకొమ్మని మీరే అన్నరు. గీ చెల్లె మిమ్ముల పంపిచ్చేసింది. ఇగ కాదనెటానికి మీరెవరు?"

సారు ఆ ఫొటోని చూశారు. "చంపి మరీ ఒప్పించావు కదమ్మాయ్" అని ఈల నోట్లో పెట్టుకున్నారు. కానీ ఊదలేదు. మెడలోంచి తీసి మేస్త్రి మెడలో వేశారు. "కానివ్వండి. ముందు ఆవిడ పేరు రాయండి."

ఆ స్కాలర్‌షిప్ ఇంకా నడుస్తోంది. వాళ్ళు మాత్రం ఒకరి వెనక ఒకరు నిజంగానే వెళ్ళిపోయారు. ఫొటో మా ఇంట్లో గోడ మీద ఉంది. వచ్చినవాళ్ళు, "పెద్దోళ్ళ ఫొటోకి దండ ఎయ్యలేదేంది?" అని అడుగుతుంటారు.

"ఎప్పుడో ఏసిన బిడ్డా, జర తొందరపడ్డ" అంటాను.