పూతకొమ్మలకు చేప తలకాయలు

చాట్రాయి దాటాక మా బస్సు ఆగిపోయింది. బాగుచేసేలోగా నీడ కోసం పక్కనున్న మామిడితోటలోకి నడిచాను. చెట్లు నిండా పూసి ఉన్నాయి. కానీ లోపలికి వెళ్లేకొద్దీ కుళ్లు వాసన. తలెత్తి చూస్తే పూతకొమ్మలకు పురికొసలతో కట్టిన చేప తలకాయలు వేలాడుతున్నాయి. ఎవరో చేతబడి చేశారనుకున్నాను. రెండడుగులు వెనక్కి వేశాను.

"భయపడకండి బాబూ, ఈగల కోసం కట్టాం," అంటూ వెనకనుంచి ఒక పెద్దావిడ వచ్చింది. తోట వాళ్లదేనట. ఆవిడ చేతిలోనూ ఒక తలకాయ ఉంది.

"ఈగలెందుకండీ?"

"ఈగ వాలితేనే కదండీ పూత పిందె కట్టేది! ఇదివరకు పూత రోజుల్లో తోటంతా జుమ్మని మోగేది. ఇప్పుడు చలికాలంలో చలి ఉండట్లేదు. పూతేమో ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేస్తోంది, ఈగ రావట్లేదు. ఈ వాసనకైనా వస్తాయేమోనని మా ఆయన కట్టమన్నారు."

ఆవిడ తలకాయను కొమ్మకు కట్టింది. మాట్లాడొద్దని నాకు సైగ చేసి, చెవి ఒగ్గి నిలబడింది. నేనూ విన్నాను. అంత పూతలో చిన్న రొద కూడా లేదు. పక్క కొమ్మకున్న పాత తలకాయను దగ్గరగా చూశాను. ముక్కు మూసుకోవాల్సినంత కంపు. దాని మీద ఒక్క ఈగ లేదు.

రోడ్డు మీంచి బస్సు హారన్ మోగేసరికి ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"మీదే ఊరు బాబూ?"

"ఆదోని అండీ."

"అక్కడ ఈగలున్నాయా?"

"బోలెడు. తోలలేక చస్తున్నాం."

ఆవిడ నవ్వలేదు. "తోలకండి బాబూ," అంది.