హౌసీ పెద్దమ్మ

"డయాలసిస్ అంకుల్ వాళ్ల మిసెస్, కేన్సర్ పేషెంట్, ఈ ఉదయం చనిపోయారు."

ఆ గురువారం పొద్దున మా కాలనీ వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజ్ ఇది. దాని కింద వరుసగా దండం పెడుతున్న చేతుల బొమ్మలు. అప్పటికి నేను ఆమె పక్కనే ఉన్నాను, కాళ్ల మీద దుప్పటి సర్దుతున్నాను. ఫోన్ చూసి ఒళ్లు మండింది. ఒక్క వాక్యంలో రెండు రోగాలు పట్టాయి గానీ మనిషి పట్టలేదు. "హౌసీ పెద్దమ్మ పోయింది" అని రాస్తే సుబేదారిలోని మా నాలుగు వీధుల్లో ఎవరికి అర్థం కాకపోయేది?

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. మేము కింది పోర్షన్‌లో, వాళ్లు మీది పోర్షన్‌లో, పన్నెండేళ్లుగా. ఆమె అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయింది. ఆయన బస్సు కండక్టరుగా. ఆయన్ని నేను పెద్దబాపు అంటాను. ఇద్దరికీ గొంతులు పెద్దవి. వాళ్లింట్లో కూరలో ఉప్పెక్కువైన సంగతి మాకు కింద తెలిసిపోయేది.

ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో హౌసీ ఆట ఉండేది. నంబర్లు పిలిచేది పెద్దమ్మే. ఉత్త నంబరు పిలవడం ఆమెకు చేతకాదు, ప్రతిదానికీ ఏదో తగిలించేది. "పదకొండు, మన కరెంటు పోయే యాళ్ల!" "అరవై, అన్ని బందు పెట్టి ఇంట్ల కూసోమనే వయసు!" పెద్దబాపుకు డయాలసిస్ మొదలైన నెలలోనే, "నాలుగు, మా ఆయన సంచులు!" అంది. నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. వెనక వరుసలోంచి పెద్దబాపే గట్టిగా నవ్వి, "నాది ఒక లైన్ అయింది, చూడుండ్రి" అని లేచాడు. గెలిచింది ఒక స్టీలు డబ్బా.

ఆ నాలుగు సంచుల సంగతి చెప్పాలి. ఆయన పొట్టకు ఒక సన్నని గొట్టం పెట్టారు. రోజుకు నాలుగుసార్లు లోపలి పాత నీళ్లు దింపేసి, సంచిలోని కొత్త మందు నీళ్లు ఎక్కించుకోవాలి. తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, చేతులు కడుక్కొని, మాస్కు పెట్టుకొని కూర్చోవాలి. అర గంట పైనే. ఇదంతా ఆయనే చేసుకునేవాడు, మొదటి రోజు నుంచీ. ఈ మాట ఇక్కడ గట్టిగా రాస్తున్నాను, ఎందుకో తర్వాత చెబుతాను.

రెండో ఏడు పెద్దమ్మకు రొమ్ము కేన్సర్ బయటపడింది. ఆపరేషను, కీమో, జుట్టంతా రాలడం, అన్నీ అయ్యాయి. ఇక అందరూ దయ చూపించడం మొదలుపెట్టారు. పెళ్లికార్డు ఇవ్వడానికి వచ్చినవాళ్లు మెట్లెక్కకుండా గేటు దగ్గరే నిలబడి, "మీరు రాకున్నా పర్వాలేదు" అనేవాళ్లు. పెద్దమ్మ మీదినుంచే అడిగేది.

"రాకున్నా పర్వాలేదంటాండ్రా, రావద్దంటాండ్రా? జర సాఫ్ చెప్పుండ్రి."

పిలిచిన ప్రతి పెళ్లికీ వెళ్లేవాళ్లు. ఫంక్షన్ హాలు మేనేజరుతో మాట్లాడి ఒక గది తీసుకోవడం, అక్కడ ఫ్యాన్ ఆపి సంచి పెట్టుకోవడం, తర్వాత అందరితో పాటు బంతిలో కూర్చోవడం. ఆయనకు ఏం వడ్డించాలో, ఏం వద్దో ఆమె చెప్పేది. ఆమె ఎన్ని మెట్లు ఎక్కాలో ఆయన చూసుకొని వచ్చేవాడు.

ఒకసారి కీమోకు వాళ్లతో నేనూ దవాఖానకు వెళ్లాను. కౌంటరులో ఉన్నామె ఫారం తీసి, "పేషెంట్ వెంట అటెండర్ ఎవరు?" అంది.

"నేనే" అన్నాడు పెద్దబాపు. ఆయన భుజాన ఉన్న సంచి చూసి కౌంటరామె, "మీరు కూడా పేషెంటేనా? మరి మీ అటెండర్?"

"నేనే" అంది పెద్దమ్మ.

అట్లా కుదరదని కౌంటరామె. ఎందుకు కుదరదని వీళ్లు. చివరికి ఆమె నా వైపు తిరిగి, "పేషెంట్‌కు నొప్పి ఎట్లుంది? రాత్రి నిద్ర పోతున్నారా?" అని అడగడం మొదలుపెట్టింది. పెద్దమ్మ ఎదురుగానే కూర్చొని ఉంది. నేను నోరు తెరిచేలోగా అంది:

"నన్నడుగు బిడ్డా. నా కేన్సర్ నోట్లె లేదు."

ఆ రోజు నాకు గర్వంగా అనిపించింది. వాళ్లను ఎదురుగా పెట్టుకొని వాళ్ల గురించి ఇంకొకర్ని అడిగేవాళ్లలో నేను లేననుకున్నాను. ఆ భ్రమ ఎక్కువ రోజులు నిలవలేదు.

ఆ కార్తీకంలో కాలనీ ఆడవాళ్లందరం, మగవాళ్లను కూడా తీసుకొని, పాలకుర్తి గుట్ట మీది గుడికి వెళ్దామనుకున్నాం. బస్సు మాట్లాడింది నేను. పేర్లు రాసుకున్నది నేను. మీది పోర్షన్‌కు మాత్రం ఎక్కలేదు. కీమో అయి నెల కూడా కాలేదు, ఆయనకు మధ్యాహ్నం సంచి ఉంటుంది, గుట్ట కింద గది ఎక్కడ వెతుకుతాం అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ఆ గది వెతికే పని నా మీద పడకూడదనుకున్నాను. అంతే.

పొద్దున బస్సు వచ్చి గేటు ముందు ఆగింది. పెద్దమ్మ తలకు స్కార్ఫు కట్టుకొని బాల్కనీలో నిలబడి చూసింది.

"అందరు ఎటు పోతాండ్రు బిడ్డా?"

"పాలకుర్తికి పెద్దమ్మా. మీకు కష్టమైతదని చెప్పలే."

"కష్టమైతదో కాదో మమ్ముల అడిగినవా?"

డ్రైవర్ హారన్ కొట్టాడు. నేను ఎక్కేశాను. ఆ గుట్ట మీద నేనేం మొక్కుకున్నానో గుర్తులేదు. ఆ బాల్కనీ మాత్రం గుర్తుంది. పెద్దబాపు ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎక్కువ భాగం తిరిగింది ఆ దారిలోనే. ప్రతి స్టేజీ ఆయనకు నోటికొచ్చు. ఆయన్ని వదిలేసి నేను ఆ దారిన బస్సు నడిపించాను.

మూడో రోజు ఇద్దరూ సర్వీసు బస్సులో వెళ్లొచ్చారు. దేవుడి దగ్గరికి మెట్లెక్కలేకపోతే కింది నుంచే దండం పెట్టుకున్నారట. ఆయన్ని గుర్తుపట్టిన ఒక పాత ప్రయాణికురాలు తన ఇంట్లో గది ఇచ్చిందట. సాయంత్రం పెద్దమ్మ నా తలుపు కొట్టి, చేతిలో కొబ్బరిముక్క, పులిహోర పెట్టింది.

"పాలకుర్తి పోయినం. నీకు కష్టమైతదని చెప్పలే" అంది.

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. లోపలికి వచ్చి కూర్చొని, నేను ఆగేదాకా చూసి, అప్పుడు అంది: "అడుగు. రాలేమంటే మేమే అంటం. మా తరఫున నువ్వు అనకు." తర్వాత చాయ్ పెట్టమంది.

అప్పటి నుంచి అడిగాను, ప్రతిదానికీ. వాళ్లు రాలేమన్నది రెండు మూడుసార్లే.

ఈ ఎండాకాలం రోగం కాలేయానికి పాకింది. ఇక మందు పని చేయదని డాక్టరు చెప్పాడు, ఈసారి ఆమెకే చెప్పాడు. హాలుకు వెళ్లలేకపోతే ఆదివారం ఆట వాళ్లింటికే తెచ్చుకున్నాం. ఆమె నంబరు తీసి మెల్లగా ఏదో అనేది, పెద్దబాపు దాన్ని కండక్టరు గొంతుతో మెట్ల మీద కూర్చున్నవాళ్లకు అందించేవాడు. అక్కడ కూడా ఒకామె నా చెవిలో, "ఈ టైంలో ఇవన్నీ అవసరమా?" అంది. ఏ టైంలో అవసరమో ఆమెను అడగాల్సింది. అడగలేదు.

పెద్దమ్మ మంచం ముందు గదిలో వేశారు. ఆయన సంచి పెట్టుకోవడానికి లోపలి గదికి వెళ్లి తలుపు వేసుకునేవాడు. ఒకరోజు నేనున్నప్పుడే గొడవ పడ్డారు.

"ఆడ తలుపు పెట్టుకొని కూసుంటే నాకు ఏం తోస్తలేదు. ఈడనే పెట్టుకో."

"ఫ్యాన్ బంద్ చేయాలె. నీకు ఉక్కపోస్తది."

"పొయ్యనీ. ఉక్కకు సస్తనా నేను?"

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన కొక్కెం తెచ్చి ముందు గది కిటికీ చువ్వకు తగిలించాడు. ఆమెకూ ఒక మాస్కు పెట్టాడు. ఆ రోజు నుంచి నాలుగుసార్లూ అక్కడే, ఆ ఉక్కలోనే, ఏవో మాట్లాడుకుంటూ.

గురువారం పొద్దున నేను చాయ్ తీసుకొని వెళ్లేసరికి మొదటి సంచి నడుస్తోంది. ఆమె ఊపిరి తేడాగా ఉంది. పెద్దబాపు గొట్టం బిగించి, ఆమె చెయ్యి పట్టుకొని ఉన్నాడు. "ఫ్యాన్ ఎయ్యాల్నా?" అని ఆమెను అడుగుతున్నాడు. "ఏందే, ఫ్యాన్ ఎయ్యాల్నా?" ఆమె పలకలేదు. నేను స్విచ్ వేశాను. కాసేపటికి అయిపోయింది.

ఆ రోజు నుంచి దినాల వరకు వచ్చినవాళ్లంతా ఒకటే మాట. "ఇప్పుడు ఆయనకు డయాలసిస్ ఎవరు చేస్తరు?" ఫొటో ముందు దండం పెట్టి, వెనక్కి తిరిగి ఇదే. నలుగురైదుగురికి నేను ఓపిగ్గా చెప్పాను, ఆయన పని ఆయనే చేసుకుంటాడని, ఆమె ఏ రోజూ ఆయనకు నర్సు కాదని. తర్వాత విసుగొచ్చి ఊరుకున్నాను. ఆమెను తలుచుకోవడానికి వచ్చి ఆమె పోవడాన్ని పనిమనిషి పోస్టు ఖాళీ అయిన లెక్కలో వేసి వెళ్తుంటే ఎంతమందికని చెప్పను? చివరికి పెద్దబాపే ఒకాయనకు జవాబిచ్చాడు.

"సంచి నేనే పెట్టుకుంట. ముచ్చట పెట్టేటోళ్లు లేరు. మీరొస్తరా రోజు?"

వచ్చినాయన వాచీ చూసుకున్నాడు.

దినాల నాడు భోజనాలయ్యాక జనం పలచబడ్డారు. టెంట్ హౌజ్ మనుషులు వచ్చి వీధిలోని కుర్చీలు ఒకదానిలో ఒకటి వేస్తూ ట్రాలీకి ఎక్కించారు. షామియానా కట్లు విప్పారు. పెద్దబాపు తన కుర్చీలోంచి లేవలేదు, చెయ్యి పక్కనున్న ఖాళీ కుర్చీ వీపు మీద వేసి రోడ్డు చూస్తున్నాడు. వాళ్లు ఆయన్ని కదపకుండా చుట్టూ ఉన్నవన్నీ ఎక్కించారు. గుడ్డ మడిచి, గుంజలు పీకి, తాళ్లు చుట్టి, చివరికి బండి మీద చేతులానించి నిలబడ్డారు. ఎండ పూర్తిగా పడుతున్న వీధి మధ్యలో రెండు ఎర్ర కుర్చీలు మిగిలాయి.