లక్ష్మణమ్మ నోట బిల్దదు మాట

కోటబొమ్మాళి సంతలో ఎండుచేపలు అమ్మే లక్ష్మణమ్మ ముందు బైబిలు వచనం చెప్పాలంటే, ఇప్పుడు వాళ్ళ సంఘంలో పెద్దపెద్దవాళ్ళే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుంటారు. చెప్పి చక్కాపోదామంటే కుదరదు. ఆ మాట ఎవరన్నారు, ఎవరితో అన్నారు, అంతకు ముందు ఏం జరిగింది అని ఆరా తీస్తుంది. జవాబు తెలియకపోతే తిట్టదు గానీ, చెమ్మపట్టిన నెత్తళ్ళ చేపలను చూసినట్టు చూస్తుంది. ఆ చూపు కంటే తిట్టే నయమని పాస్టరు గారే ఒకసారి అన్నారు.

అలాగని ఆవిడ పుట్టుకతోనే ఇంత జాగ్రత్త మనిషనుకుంటే పొరపాటు. ఒకప్పుడు ఆవిడంత ధారాళంగా వచనాలు పంచిపెట్టిన మనిషి ఆ చుట్టుపక్కల లేదు.

పుట్టింది సముద్రపు ఒడ్డున, వల లాగి బతికే ఇంట్లో. బడి గుమ్మం తొక్కింది లేదు. పెళ్ళయి పిల్లలు పుట్టాక పచ్చకామెర్లతో మంచం పట్టింది. ఇక లేవదనుకున్నారు, లేచింది. ఆ జబ్బులో పక్కింటివాళ్ళు ప్రార్థన చేసేవాళ్ళు. లేచాక వాళ్ళ వెంట ప్రార్థన గుడికి వెళ్ళింది, మళ్ళీ మానలేదు. మొగుడు ఎర్రన్న తన అమ్మవారిని విడవలేదు, ఆవిడ తన యేసయ్యను విడవలేదు, ఇద్దరూ ఒకరినొకరు విడవలేదు. ఆ ఇంట్లో పేచీలన్నీ కూరలో ఉప్పు గురించే.

అక్షరాలు ముప్పై ఏళ్ళు దాటాక వయోజన విద్యా కేంద్రంలో నేర్చుకుంది. నేర్చుకుని చదివిన ఒకే ఒక్క పుస్తకం బైబిలు. అదీ వేలు పెట్టి, కూడబలుక్కుంటూ. అంత లావు పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివే తీరిక గంప ఎత్తుకుని తిరిగే మనిషికి ఎక్కడిది? అందుకని అందరూ చేసే పనే ఆవిడా చేసింది. ప్రసంగంలో విన్న వచనాలు, క్యాలెండరు మీది వచనాలు, కొత్త సంవత్సరం ఆరాధనలో పళ్ళెంలోంచి కళ్ళు మూసుకుని తీసుకునే వాగ్దానం కార్డుల మీది వచనాలు కంఠతా పట్టేసింది. పట్టింది దాచుకునే రకమా? మందుల షాపువాడు మాత్రలిచ్చినట్టు ఇచ్చేది. పరీక్షకు వెళ్ళే పిల్లకు ఒకటి, కాన్పుకు వెళ్ళే కోడలికి ఒకటి, కొత్త ఆటో కొన్నవాడికి ఒకటి, కానాగంత చేపలు కొన్నవాళ్ళకు కొసరుగా ఇంకొకటి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ నోరు మంచిదే. కాకపోతే ఎప్పుడూ తెరిచే ఉండేది.

ఉష ఆవిడ చెల్లెలి కూతురు. తల్లి చిన్నప్పుడే పోతే పెద్దమ్మే పెంచి, ఇంటరు చదివించి, కోటబొమ్మాళిలోనే ఇచ్చి పెళ్ళి చేసింది. ఉషకు ఒక్కడే కొడుకు, త్రినాథ్. తాత పేరు. నాలుగేళ్ళవాడు జ్వరమని శ్రీకాకుళం తీసుకువెళితే మళ్ళీ ప్రాణంతో ఇంటికి రాలేదు. ఏడాదిపాటు ఉష మనిషి కాలేదు. ఆ తర్వాత ఏ దేవుడు కరుణించాడో గానీ, స్టేషను రోడ్డులో చిన్న గది అద్దెకు తీసుకుని కుట్టుమిషను పెట్టుకుంది. లక్ష్మణమ్మ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. టెక్కలి వెళ్ళి బంగారు రంగు అక్షరాలతో ఫ్రేము కట్టించుకొచ్చి, మిషనుకు ఎదురుగా తానే మేకు కొట్టి తగిలించింది. నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు. కింద, యోబు గ్రంథం ఎనిమిదో అధ్యాయం, ఏడో వచనం. కొట్టు పెట్టుకున్న విశ్వాసుల గోడ మీద ఈ వచనం లేకపోతే ఏదో వెలితిగా ఉంటుంది. దాని ముందు ఏముందో తిరగేసి చూసినవాళ్ళు ఎందరని మాత్రం అడక్కండి.

ఉష చూసింది. కరెంటు పోయి, మోటారు మిషను ఆగిపోయిన ఒక మధ్యాహ్నం, ఊసుపోక బైబిలు తీసి ఆ అధ్యాయం మొదటినుంచి చదివింది. నాలుగో వచనం దగ్గర ఆగిపోయింది. పిల్లలందరినీ ఒక్క దెబ్బకు పోగొట్టుకున్న యోబు ముఖం మీదే ఒకడంటున్నాడు, నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వాళ్ళను ఆ పాపానికే అప్పగించి ఉంటాడని. అక్కడికి మూడు వచనాల దూరంలో ఉంది తన గోడ మీది బంగారు వాక్యం. మాట్లాడేవాడి పేరు బిల్దదని రాసి ఉంది. వాడెవడో ఆ పిల్లకేం తెలుసు?

ఆ ఆదివారం గుడికి రాలేదు. పై ఆదివారమూ రాలేదు. ఒంట్లో బాగోలేదేమోనని లక్ష్మణమ్మ కొట్టుకు వెళ్ళేసరికి గోడ మీద మేకు మాత్రమే ఉంది. ఉష ఆ పేజీ తీసి చూపించింది. పెద్దమ్మ వేలు పెట్టి నాలుగో వచనం చదివింది. చదివి, వేలు అక్కడినుంచి తియ్యలేకపోయింది.

"ఏడోది దేవుడి మాటయితే, నాలుగోది ఎవులి మాట పెద్దమ్మా?" అంది ఉష.

లక్ష్మణమ్మ తడుముకుంది. జన్మలో ఆవిడ తడుముకోవడం అదే మొదలు. పాత అలవాటు చొప్పున ఓదార్పుకు ఇంకో వచనం ఎత్తుకోబోయింది. ఉష చేత్తో ఆపేసింది. "ఇంకోటి నాకొద్దు. దీనికే సెప్పు. పాపం నా కొడుకు సేసినాడా, నేను సేసినానా? అది తెలిసేదాకా నేను గుడికి రాను."

పెంచిన పిల్ల అలా అంటే గుండె చెరువవదూ? ఇంటికి వచ్చి లక్ష్మణమ్మ గంప దించకుండానే అరుగు మీద చతికిలబడింది. ఎర్రన్న అక్కడే కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. సంగతంతా విని, ఆ మాటన్నది ఎవరని అడిగాడు. బైబిల్లో ఉంది కదా, దేవుడు కాక ఇంకెవరంటారని ఆవిడ కసిరింది. ఎర్రన్న వల మీంచి తల ఎత్తలేదు.

"మన ఊరి నాటకంలో రాచ్చసుడు కూడా పద్యం పాడతాడు. బాగా పాడితే ఈల కూడా ఏస్తాం. అలగని ఆడి మాట నమ్మీసి ఇంటికెల్తామేటి? నాటకం అయ్యేదాకా కూకోవాల గదే."

గుడి మెట్టెక్కని మనిషి చేత అనిపించుకున్నందుకు ఆవిడకు ఒళ్ళు మండింది. మండినా మాటలో నిజం ఉంటే పట్టుకోవడం తెలిసిన మనిషి. మర్నాడు వాకిట్లో చేపలు ఎండేసి, కాకులు రాకుండా పక్కన కర్ర పెట్టుకుని, యోబు గ్రంథం మొదటి పేజీ తీసింది. కళ్ళద్దాలు జారిపోతున్నా, కాకులు చేపలు ఎత్తుకుపోతున్నా వదల్లేదు. ఆ వారమంతా అదే పని.

చదివినకొద్దీ ఆవిడకు విషయం బోధపడింది. యోబు తప్పు చెయ్యనివాడని దేవుడే మొదట్లో చెప్పాడు. అతనికి వచ్చిన కష్టం శిక్ష కాదు. ఆ సంగతి చదివేవాళ్ళకు తెలుసు, పలకరించడానికి వచ్చిన స్నేహితులకు తెలియదు. వాళ్ళు వచ్చి, అతని అవస్థ చూసి ఏడ్చి, ఒక్క మాటైనా అనకుండా అతనితోపాటు నేల మీద రోజుల తరబడి కూర్చున్నారు. అక్కడ ఆగినా మర్యాద దక్కేది. తర్వాత నోళ్ళు తెరిచారు. అందులో ఒకడు ఈ బిల్దదు. తప్పు ఒప్పుకుని దేవుణ్ణి బతిమాలుకుంటే నీకు మళ్ళీ బాగా కలిసొస్తుందన్నాడు. సంతలోనే సగం బతుకు గడిపిన లక్ష్మణమ్మకు అది వాగ్దానం కాదు, బేరమని తెలియడానికి ఎంతసేపు? పరామర్శకని వచ్చి గోరుచుట్టు మీద రోకటిపోటు పొడిచాడు వీడని నోరారా తిట్టింది.

తిడుతూ తిడుతూ నోరు మూసేసుకుంది. త్రినాథ్‌ను మట్టి చేసి వచ్చిన రోజున, ఉష ఇంట్లో, నలుగురిలో తానన్న మాట గుర్తొచ్చింది. దేవుడు ఊరికే తియ్యడమ్మా, మనల్ని మనం ఒకసారి పరీక్షించుకోవాలి అంది. ధైర్యం చెబుతున్నాననుకుంది. బిల్దదూ అదే అనుకుని ఉంటాడు. లక్ష్మణమ్మకు సిగ్గేసింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అయితే ఏడుస్తూ కూర్చునే రకం కాదు. ముఖం కడుక్కుని, మిగతా అధ్యాయాలు కూడా పట్టింది.

పుస్తకం చివర్లో దేవుడు వచ్చాడు. వచ్చి ఆ స్నేహితుల మీద మండిపడ్డాడు. నా గురించి యోబు సరిగ్గా మాట్లాడాడు, మీరు మాట్లాడలేదన్నాడు. ఆ వాక్యాన్ని ఆవిడ మళ్ళీ మళ్ళీ చదివింది.

మర్నాడు సంత. బేరం గాలికి వదిలేసి, బైబిలు చంకన పెట్టుకుని తిన్నగా ఉష కొట్టుకు వెళ్ళింది. మిషను పక్కన నేల మీద కూర్చుని ముందు దేవుడి మాట చదివి వినిపించింది.

"నాలుగో మాటా ఏడో మాటా ఒక్కడివే. ఆడి మీద దేవుడికి కోపమొచ్చింది. నీ కొడుకు ఏ పాపమూ సెయ్యలేదు, నువ్వూ సెయ్యలేదు. ఆ రోజు మీ ఇంట్లో నేనన్నదీ తప్పే," అంది.

ఉష కుడుతున్న గుడ్డ దారం తెంపింది. తర్వాత అడిగింది. "అయితే నా గుంటడు ఎందుకు పోయినాడు?"

ఒకప్పటి లక్ష్మణమ్మ అయితే దానికి పది వచనాలు గుప్పించేది.

"సెప్పలేదమ్మా. సివరిదాకా సదివినాను. దేవుడొచ్చి సేనా మాటాడినాడు గానీ, అది సెప్పలేదు. నాకూ తెల్దు."

పెద్దమ్మ నోట తెలియదన్న మాట ఉష ఎన్నడూ వినలేదు. మరి యోబు ఏమన్నాడని అడిగింది. లక్ష్మణమ్మ పేజీలు వెనక్కి తిప్పి, వేలు పెట్టి, యోబు మాటలు మాత్రమే ఏరి ఏరి చదివింది. పుట్టిన రోజునే తిట్టుకున్నాడు. నా మీద నీకున్న ఫిర్యాదేమిటో చెప్పమని దేవుణ్ణి నిలదీశాడు. వింటూ వింటూ ఉష మిషను మీంచి చెయ్యి తీసేసింది.

"దేవుణ్ణి ఇలగ అడగొచ్చేటి?"

"అడిగినోడే సరిగ్గా మాటాడినాడని ఆయనే అన్నాడు గదే. సర్ది సెప్పినోల్ల మీదే కోపపడ్డాడు."

ఉష లేచి నిలబడింది. కొడుకు పోయినప్పటినుంచి పళ్ళ బిగువున పట్టి ఉంచిందంతా ఒక్కసారి తెగింది. నా గుంటణ్ణి ఎందుకు తీసుకుపోయావని, నేను నీకేం అపకారం చేశానని, పేరు పెట్టి పిలిచి మరీ దేవుణ్ణి అడిగింది. స్టేషను రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూశారు. జాకెట్టు గుడ్డ తెచ్చిన ఒకావిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. లక్ష్మణమ్మ ఆవిడను తర్వాత రమ్మని చేత్తో సైగ చేసి, ఉష అడగడం అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడకుండా నేల మీదే కూర్చుంది.