రుద్దినా పోని మరక

నా చిన్నప్పుడు, మా మార్కాపురం కర్నూలు జిల్లాలోంచి కొత్త జిల్లాలోకి మారిన మరుసటి ఏడు, అంటే 1971 జనవరిలో, మా చిన్నమామ మా మిద్దె మీద టెలిస్కోపు పెట్టాడు. దాని అద్దం తనే అరగదీసుకున్నాడు. మన పాలపుంతకు అవతల ఉన్న ఇంకో పాలపుంతకు ఫొటో తీయాలని ఆయన పంతం. మా నాయనకు మాత్రం మిద్దె మీద మిరపకాయలు ఆరబోసుకోవాలి. శుక్రవారం రాత్రిలోగా ఏదో ఒకటి చూపించకపోతే ఆ గొట్టం దింపాల్సిందేనని బావమరిదికి గడువు పెట్టాడు.

శుక్రవారం పొద్దున మామ ఫొటో కడిగాడు. నల్లటి కాగితం మధ్య చిన్న తెల్లటి మరక, అంతే. కాగితం ముడుచుకుపోకుండా దాన్ని ఒక పలక మీద పరిచి, ఆరడానికి వసారాలో పెట్టి స్నానానికి వెళ్లాడు.

మాది పలకల పని చేసే ఇల్లు. వసారాలో ఆరే పలకల్లో మరక కనిపిస్తే తడి బొగ్గుతో రుద్దడం మా జేజి పని. నాయనను కన్నతల్లి కదా, ఆమె చెప్పిందే ఇంట్లో చెల్లేది. చూపు కొంచెం తక్కువ.

"ఇదేం పలకే, రుద్దేకొద్దీ తెల్లబడతాంది" అని నన్ను కేకేసింది. నేను పోయేసరికి కాగితమంతా పాలపుంతే.

మామ తడి తలతో వచ్చి చూశాడు. ఇంకోటి కడగాలంటే ఆ కాగితం ఊరి బయటినుంచి తెప్పించుకోవాలి, వారం పడుతుంది. కోప్పడతాడనుకున్నాను. ఆయన జేజి పక్కన గొంతుక్కూర్చుని, ఆ వెలుగు ఇరవై లక్షల ఏళ్లు నడిచి మన మిద్దె మీదికి వచ్చిందని చెప్పాడు. జేజి చేతిలో బొగ్గు కింద పెట్టేసింది.

దీపాలు పెట్టే వేళ దాటాక, మామ ఆమెను మెట్లెక్కించి గొట్టంలోంచి చూడమన్నాడు. వెనకే నాయన. జేజి చూసింది. చీర కొంగుతో కన్ను పెట్టే చోటి అద్దం తుడిచి మళ్లీ చూసింది. ఇంకోసారి గట్టిగా తుడిచింది.

"పోలేదురా. ఇది నిజందే. మిరపకాయలు కళ్లంలో ఆరబోసుకో పో" అంది నాయనతో.

అప్పటినుంచి ఎవరేం చెప్పినా నేను ఒకసారి తుడిచి చూస్తాను, కూడికలైనా, కబుర్లైనా. మామ చెప్పిన ఇరవై లక్షల ఏళ్లను ఇప్పుడు పాతిక లక్షలంటున్నారు. ఆ అంకె తుడిస్తే పోయింది. మరక మాత్రం అక్కడే ఉంది. మొన్న జనవరిలోనూ చూశాను, కళ్లద్దాలు తుడుచుకుని, రెండుసార్లు.