చీకటి లేని రాత్రి

ఆస్ట్రేలియాలో, టూవూంబా ఊళ్లో మా పక్కింటి ఫరహ్ పగలూ రాత్రీ వరండా దీపం ఆర్పేది కాదు. నా నోరు ఊరుకోదు కదా, ఒకసారి అడిగేశాను. "చీకటంటే భయం శేషు ఆంటీ," అంది. ఆ తర్వాత ఆ దీపం గురించి నోరెత్తితే ఒట్టు.

ఆమె భర్త ఫుర్కాన్ కంప్యూటర్ ఇంజనీరు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తప్పి ఆగిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. బ్రిస్బేన్‌లో ఆ మరమ్మతు పని అతనిది. తొంభైతొమ్మిది జూలైలో, ఇక్కడి చలికాలంలో, ఒక రాత్రి ఇంటికి వస్తుంటే, కొండదారి పొగమంచులో కారు లోయలోకి జారిపోయింది. తెల్లవారేదాకా ఎవరూ చూడలేదు. ముప్పై నిండని పిల్లాడు! దేవుడికి కళ్లు లేవా అని నేను పైకి చూసి మరీ తిట్టాను.

ఫరహ్ తిట్టలేదు, ఏడవలేదు. ఆ వరండా దీపం వెలిగించింది, అంతే. ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగానికి వెళ్లేది, వచ్చేది. కొత్త సంవత్సరం వచ్చింది, ఒక్క కంప్యూటరూ ఆగలేదు. మా ఆయన టీవీ చూసి "అంతా సవ్యంగానే ఉందిట" అంటే నాకు ఒళ్లు మండింది. ఎవరికుంది సవ్యంగా?

కర్నూలు నుంచి అత్తగారు రుఖయ్యా ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "అంత చీకట్లో నా కొడుకు ఒక్కడే పడుండెనా?" రంజాన్ పండగ అయ్యాక వస్తున్నానని ఆవిడ చెప్పిన రోజు ఫరహ్ మా వంటింట్లోకి వచ్చి కూలబడింది. "అమ్మీ నా ఎదురుగా కూర్చుని అడిగితే ఏం చెప్పను ఆంటీ?"

ఆ వారమే గరాజ్‌లోంచి ఒక పాత పెట్టె తీసింది. వాళ్ల నాన్న పారసీక పద్ధతిలో అరచేతంత బొమ్మలు వేసేవారట. ఉడుత వెంట్రుకల కుంచె, బంగారు రంగు, నున్నగా రుద్దిన కాగితం. ఆయన నేర్పిన విద్య పెళ్లయ్యాక మూలపడింది. ఆదివారాలు నేను పప్పుచారు గిన్నె పట్టుకెళ్లి పక్కన కూర్చునేదాన్ని. లోయ వేసింది, ఒక్కో ఆకూ ఒక్కో రాయీ విడివిడిగా. అడుగున గోరంత కారు. దాని పక్కన మన సరుగుడులా నిటారుగా ఒక చెట్టు.

"సర్వ్ చెట్టు ఆంటీ. ఏ కాలంలోనూ ఆకు రాల్చదు. అల్లా ముందు నిలబడ్డ ప్రాణానికి గుర్తు."

చివరికి ఆకాశమంతా బంగారం పూసి, మూలన సన్నటి నెలవంక పెట్టింది. నాకు తిక్క రేగింది. "రాత్రంటావు, పట్టపగల్లా వేశావు. చీకటేదే తల్లీ? ఒక్క నీడైనా లేదే!"

"ఈ బొమ్మల్లో రాత్రికి నలుపు పూయరు. నెలవంక పెడితే రాత్రని తెలుసుకోవాలి. వెలుగు ఒక పక్క నుంచి వస్తేనే నీడ పడుతుంది, అల్లా వెలుగు అన్ని పక్కలా ఉంటుంది అనేవారు నాన్న." కుంచె కింద పెట్టేసింది. "చిన్నప్పుడు వల్లె వేశాను ఆంటీ. ఇప్పుడు నమ్మబుద్ధి కావడం లేదు. నమ్మకుండా చూపిస్తే అమ్మీకి అబద్ధం చెప్పినట్టే కదా?"

పప్పుచారు చల్లారిపోతోంది, తినమన్నాను.

రుఖయ్యా వచ్చింది. వచ్చిన మూడోనాడు, తోడుండమని ఫరహ్ నన్ను పిలిచి, ఆవిడ చేతిలో బొమ్మ పెట్టింది. పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని కారు దగ్గర వేలు ఆపింది.

"ఇది ఆ రాత్రేనా బేటీ?"

"ఆ రాత్రే అమ్మీ."

"మరి చీకటి యాడుండాది?"

ఫరహ్ తన చేత్తో వేసిన బొమ్మనే కొత్తగా చూస్తున్నట్టు మూలమూలా వెతికింది.

"లేదమ్మీ," అంది. "అల్లా ఉన్న చోట చీకటి లేదు."

ఆ మాట అంటూనే బావురుమంది. ఇన్ని నెలల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. పెద్దావిడ ఆమె తల ఒళ్లోకి తీసుకుంది. "అయితే నా బిడ్డ ఒంటరిగా లేడు," అంది.

మర్నాడు ఇంకా తెల్లవారకముందే చెత్తడబ్బా వీధిలో పెట్టడానికి బయటికి వచ్చాను. ఫరహ్ వాళ్ల వరండా దీపం ఆర్పేసి ఉంది. డబ్బా పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాను.